సెల్లార్ గోడకు రక్షణ బయటి నుంచే
ఇల్లు – నిర్మాణం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వానలు మొదలైనప్పటి నుంచి వస్తున్న ఉత్తరాల్లో సెల్లార్ చెమ్మ గురించినవే ఎక్కువ. ఒకే తరహా ప్రశ్నల్ని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: కొంపల్లి దగ్గర ఇల్లు కడుతున్నాం. రాతి నేల. రాయి కొట్టించి 10 అడుగుల లోతు తీశాం. సెల్లార్ 40×30 అడుగులు. 18 అంగుళాల రాఫ్ట్ (సెల్లార్ అడుగంతా పరుచుకునే పునాది కాంక్రీటు పలక) పోశారు, గోడలు ఇంకా పోయలేదు. మూడు వైపులా గోడకీ రాయికీ మధ్య 3 అడుగుల ఖాళీ ఉంటుంది. నాలుగో వైపు, అంటే 30 అడుగుల వైపు, అడుగున్నరే. “లోపల వాటర్‌ప్రూఫ్ ప్లాస్టరింగ్ చేస్తే చాలు, బయట చేయడం దండగ” అంటున్నారు కాంట్రాక్టరు. నిజమేనా? బయట చేయాలంటే ఏమేం కావాలి, ఎంతెంత?

జవాబు: మీ నేలకు ఆ సలహా పనికిరాదు. రాతిని తొలిచి కట్టిన సెల్లార్ చుట్టూ మిగిలే ఖాళీ ఒక తొట్టి. అందులో పడిన వాన నీరు ఇంకదు, రాతి పగుళ్ల వెంట పక్క స్థలాల నుంచి ఊట కూడా వచ్చి చేరుతుంది. తొట్టి పైదాకా నిండితే గోడ అడుగున చదరపు మీటరుకు దాదాపు 3 టన్నుల ఒత్తిడి, అంటే చదరపు అడుగుకు 280 కిలోలు. లోపలి ప్లాస్టరింగ్‌ను ఆ నీరు వెనక నుంచి తోస్తుంది. పట్టు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ ఉబ్బి రాలుతుంది. బయట వేసిన పొరనైతే అదే ఒత్తిడి గోడకేసి అదుముతుంది. పైగా లోపల మాత్రమే చేస్తే కాంక్రీటు ఎప్పుడూ తడిగా ఉండి కమ్మీలకు తుప్పు పడుతుంది.

మొదటి పని పూత కాదు, కాంక్రీటు. గోడకు కాంక్రీటు బలం ఎం30 గ్రేడుకు తగ్గకుండా, నీరు–సిమెంటు నిష్పత్తి 0.45 దాటకుండా చూడండి. 50 కిలోల బస్తాకు 22 లీటర్ల నీరన్నమాట, ఇసుకలో ఉన్న తడితో కలిపి. రాఫ్ట్‌కీ గోడకీ మధ్య జాయింటే చాలా సెల్లార్లలో మొదట కారే చోటు. అక్కడ రాఫ్ట్ పైభాగాన్ని ఉలితో గరుకు చేసి, దుమ్ము కడిగి ఆరనిచ్చి, నీరు తగిలితే ఉబ్బే వాటర్‌స్టాప్ పట్టీని గోడ మందం మధ్యలో అతికించాలి. రెండు పక్కలా కనీసం 75 మి.మీ. కాంక్రీటు ఉండాలి. లేకపోతే ఉబ్బినప్పుడు కాంక్రీటునే పగలగొడుతుంది. పట్టీ పెట్టిన రాత్రి వాన కురిస్తే అది అప్పుడే ఉబ్బిపోతుంది, తీసేసి కొత్తది పెట్టాల్సిందే. అందుకే సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కట్టే అచ్చు) మూసే రోజే పెట్టించండి.

సెంట్రింగ్ విప్పాక బోల్టు రంధ్రాలు మిగులుతాయి. పీవీసీ గొట్టం పెట్టి ఉంటే దాన్ని బయటకు లాగి, రంధ్రం చుట్టూ 25 మి.మీ. లోతు చెక్కి, కుంచించుకుపోని గ్రౌట్‌తో (సందులు నింపే సిమెంటు మిశ్రమం) నింపాలి. మామూలు సిమెంటు–ఇసుక కుక్కితే ఎండాక అంచు వెంట సన్నని సందు వస్తుంది. కంకర తేలిన చోట్లను గట్టి కాంక్రీటు తగిలేదాకా కొట్టి అదే గ్రౌట్ నింపాలి. బయటికి పొడుచుకొచ్చిన బైండింగ్ వైరును గోడ లోపలికి పోయేలా కోసి మూయాలి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, తారు షీటును చీల్చేది ఎక్కువగా ఆ తీగలే.

క్యూరింగ్ తడి గోనెలతో కనీసం 10 రోజులు చేయండి. బయటి వైపు మైనం రకం క్యూరింగ్ కాంపౌండ్ కొట్టనివ్వకండి, దాని మీద ప్రైమర్ పట్టదు. సెంట్రింగ్ నూనె మరకలు కూడా అంతే, వైర్ బ్రష్‌తో తీసేయాలి.

గోడ, రాఫ్ట్ కలిసే మూలలో 50×50 మి.మీ. సిమెంటు గోలా (మూలను గుండ్రంగా నింపే పట్టీ) పోయించండి. గోలా లేకుండా షీటును ఆ మూలలో లంబకోణంగా మడిస్తే మడత దగ్గర వెనక ఖాళీ ఉంటుంది. మట్టి బరువు పడ్డాక చీలేది అక్కడే.

గోడ ఆరిందో లేదో తెలుసుకోవడం తేలిక. అడుగున్నర చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపు అంటించి 16 గంటలు ఉంచండి. లోపల తేమ చుక్కలు కనబడితే ఇంకా ఆరలేదు. తొందరపడి షీటు వేస్తే, ఎండకు ఆ తేమ ఆవిరై షీటు కింద బుడగలు లేస్తాయి.

మూడు వైపులకూ 4 మి.మీ. ఏపీపీ (ప్లాస్టిక్ పాలిమర్ కలిపిన) తారు షీటు వేయించండి, పాలిస్టర్ జాలీ ఉన్నది. ఫైబర్‌గ్లాస్ జాలీ రకం చవక, కానీ సాగదు. మట్టి కిందికి వెళ్లే పనికి అది వద్దు. ముందు బిటుమిన్ ప్రైమర్ ఒక కోటు, చేతికి అంటనంతగా ఆరాలి. తర్వాత గోలా మీద, మూలల్లో అడుగు వెడల్పు షీటు ముక్క అదనంగా. ఆ పైన అసలు షీట్లు: 10 మీటర్ల రోలును అలాగే గోడకెత్తితే బరువుకు జారుతుంది. 2–3 మీటర్ల ముక్కలుగా కోసి, కింది నుంచి పైకి, టార్చితో కాలుస్తూ అతికించాలి. పక్క అతుకు 100 మి.మీ., కొస అతుకు 150 మి.మీ. అతుకు అంచు నుంచి కరిగిన తారు సన్నని తాడులా 5–10 మి.మీ. బయటికి రావాలి. రాని చోట అతుకు పట్టలేదు. మొద్దు మొన ఉన్న తాపీని అంచు వెంట లాగి చూస్తే ఊడిన చోటు వెంటనే దొరుకుతుంది. వాచ్‌మన్ కాదు, మీరో మీ ఇంజనీరో దగ్గరుండి ఇలా ప్రతి అతుకూ చూడాలి. మట్టి పడ్డాక ఇక చూడటానికేమీ ఉండదు.

షీటు గోడ దగ్గర ఆగకూడదు. రాఫ్ట్ బయటికి పొడుచుకొచ్చిన అడుగు వెడల్పు భాగం మీదుగా, దాని పక్క అంచు వెంట కిందిదాకా దిగాలి. రాఫ్ట్ కింద షీటు వేసి ఉంటే దానితో అతకాలి. కింద ఏమీ వేయకపోతే చుట్టూ వేసే డ్రెయిన్ పైపు మీద భారం రెట్టింపు, దాన్ని మానేయడానికి వీల్లేదు. పై అంచును నేల మట్టం కంటే 150 మి.మీ. పైన, గోడలో 25 మి.మీ. గాడి కోసి అందులోకి దూర్చి సీలెంట్ పెట్టాలి.

షీటు మీద నేరుగా మట్టి పోయకూడదు. 8 మి.మీ. బొడిపెల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) డ్రెయిన్ బోర్డు వేయించండి. బొడిపెలు మట్టి వైపు, వాటి మీద జియోటెక్స్‌టైల్ బట్ట (మట్టిని ఆపి నీటిని వదిలేది) ఉండాలి. దీనికి రెండు పనులు: రాళ్ల నుంచి షీటును కాపాడటం, గోడ వెంట వచ్చిన నీటిని ఆగనివ్వకుండా కిందికి జార్చడం. థర్మకోల్ పలకలు పెడతామంటే మొదటి పనే జరుగుతుంది.

కింద 110 మి.మీ. రంధ్రాల పీవీసీ పైపు. రంధ్రాలు కిందికి చూడాలి. పైకి పెడితే మట్టి పడి పూడుతుంది. పైపు ఎత్తైన కొస రాఫ్ట్ పైమట్టానికి 150 మి.మీ. కింద మొదలై, 100కి 1 వాలుతో మూలలోని సంపుకు (ఈ నీరు చేరే గుంత) చేరాలి. మీ సంపును ఒక మూలలో పెడితే పొడవైన వరుస 70 అడుగులు. 21 సెం.మీ. దిగుతుంది. అప్పటికీ రాఫ్ట్ అడుగుకు 9 సెం.మీ. పైనే ఉంటుంది, కింద మట్టి కోసుకుపోదు. పైపు చుట్టూ 20 మి.మీ. కడిగిన కంకర, మొత్తానికి జియోటెక్స్‌టైల్ చుట్టాలి. ఒక్క పైపుకే బట్ట చుట్టేవాళ్లున్నారు, ఆ కొద్ది బట్ట త్వరగా బురద పట్టి మూసుకుపోతుంది. వంపుల దగ్గర నేల పైదాకా నిలువు పైపు ఒకటి లేపి మూత పెట్టండి, ఎప్పుడైనా నీళ్లు కొట్టి కడగడానికి.

నాలుగో వైపు అడుగున్నరలో మనిషి నిలబడి టార్చి పట్టలేడు. గోడ పోయక ముందే అడిగారు, మంచిదయింది. రాఫ్ట్ అంచు మీద 4.5 అంగుళాల ఇటుక గోడ లేపి, లోపలి ముఖం నునుపు చేసి, దానికి ముందుగా అమర్చే రకం మెంబ్రేన్ (నీరు చొరని పొర) బిగించి, దాన్ని ఆనుకొని కాంక్రీటు పోయాలి. ఇక్కడ మామూలు తారు షీటు పెట్టకండి. దాని మీద పోసిన కాంక్రీటు దానికి పట్టుకోదు. ఒక్కచోట చిల్లు పడినా నీరు రెండింటి మధ్య గోడంతా తిరిగి, ఎక్కడో దూరాన లోపలికి దిగుతుంది. తాజా కాంక్రీటును పట్టుకునే ముఖం ఉన్న మెంబ్రేనే అడగండి. ఈ వైపు బోల్టులు దూర్చకూడదు కాబట్టి సెంట్రింగ్‌కు లోపలి నుంచే ఏటవాలు ఊతాలివ్వాలి. మూలల దగ్గర ఈ మెంబ్రేన్, తారు షీటు కలిసే చోట ఏ పట్టీ, ఏ సీలెంట్ వాడాలో కంపెనీ వాళ్ల నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

మూడు వైపుల లెక్క: గోడ 1,100 చదరపు అడుగులు, రాఫ్ట్ మీదికీ అంచుకీ మరో 275. మొత్తం సుమారు 128 చదరపు మీటర్లు. 10 చదరపు మీటర్ల రోలులో అతుకులు పోను దాదాపు 8.8 మిగులుతుంది కాబట్టి, మూల ముక్కలతో కలిపి 16 రోల్స్. ప్రైమర్ చదరపు మీటరుకు పావు లీటరు చొప్పున 20 లీటర్ల డబ్బాలు రెండు. డ్రెయిన్ బోర్డు 110 చ.మీ. పైపులు 6 మీటర్లవి 8, నిలువు పైపులతో కలిపి. కంకర 230 ఘనపుటడుగులు, దాని చుట్టూ జియోటెక్స్‌టైల్ 75 చ.మీ.

మట్టి పూడ్చడం: కొట్టిన రాయి ముక్కలు అక్కడే ఉన్నాయి కదా అని తోసేయనివ్వకండి. రాళ్లు ఏరిన మొరం, 200–300 మి.మీ. పొరలుగా, చిన్న కంపాక్టర్‌తో. జేసీబీతో ఒకేసారి తోస్తే తర్వాత కుంగి, షీటును కిందికి లాగుతుంది. పై స్లాబు పడకముందే పూడ్చాలంటే ఆ గోడ ఒంటరిగా మట్టి తోపును ఆపేలా డిజైన్ చేశారా లేదా అని ఇంజనీరును అడగండి. అన్నిటికంటే పైన అడుగు మందం బంకమట్టి, దాని మీద గోడ నుంచి బయటికి వాలుతో మీటరు వెడల్పు ప్లింత్ ప్రొటెక్షన్ (ఇంటి చుట్టూ వేసే గచ్చు).

ప్రశ్న: నల్లకుంటలో మాది పాత ఇల్లు. సెల్లార్‌ది రాతి గోడ. ఒక వైపు 3 అడుగుల ఎత్తుదాకా చెమ్మ, తెల్లటి ఉప్పు. ఎండాకాలంలో కూడా తగ్గదు. బయట తవ్వి పూత వేయించమంటున్నారు. వేయించాలా?

జవాబు: వేసవిలోనూ తగ్గలేదంటే అది వాన నీరు కాకపోవచ్చు. ఆ వైపున నీళ్లు నిల్వ చేసే సంపు ఉందా, డ్రైనేజీ ఛాంబర్ ఉందా, సెప్టిక్ ట్యాంకు ఉందా, ఇంకుడు గుంత తవ్వించారా చూడండి. సంపైతే నిండా నింపి, లోపలికి వచ్చే వాల్వూ మోటారూ కట్టేసి, మట్టం గీత పెట్టి, మూత మూసి 24 గంటలు ఆగండి. 6×6 అడుగుల సంపులో సెంటీమీటరు తగ్గిందంటే 33 లీటర్లు ఎక్కడికో పోయినట్టే. డ్రైనేజీ మీద అనుమానముంటే ఛాంబర్‌లో ఫ్లోరెసిన్ రంగు కలిపి పోయండి. రెండు మూడు రోజుల్లో గోడ మీద పచ్చటి జాడ కనిపిస్తే దొంగ దొరికినట్టే. అప్పుడు సంపు లోపల పూత వేయించడంతోనో, ఛాంబర్ బాగు చేయించడంతోనో పని ముగియవచ్చు. తవ్వకానికయ్యే దానిలో చిన్న భాగమే ఖర్చు.

ఇంకుడు గుంత గోడను ఆనుకొని ఉంటే మాత్రం దాన్ని పూడ్చి దూరంగా మార్చండి. భూగర్భ జలాలకు మేలు చేసే నీరే అక్కడ మీ గోడను తడుపుతోంది.

నిజంగా తవ్వాల్సి వస్తే మూడు జాగ్రత్తలు. రాతి గోడ పునాది అడుగు కంటే కిందికి ఎక్కడా పోకూడదు. గోడ పొడవంతా ఒకేసారి తెరవకుండా 3 మీటర్ల చొప్పున, ఒకటి విడిచి ఒకటి తవ్వి, పూడ్చాక మిగిలినవి తెరవాలి. 1.5 మీటర్లు దాటిన గుంతకు పలకలూ అడ్డ దిమ్మెలూ కట్టందే మనిషిని దింపకూడదు. తీసిన మట్టి కూడా అంచు నుంచి 1.5 మీటర్లు ఎడంగా పడాలి. ఇలాంటి “ఒక్కరోజు పని” గుంతల్లోనూ కూలీలు మట్టి కింద పడే ప్రమాదముంది.

రాతి గోడకు నేరుగా తారు షీటు అంటదు. రాళ్ల మధ్య దర్జులు (అతుకు సందులు) గీకి నింపి, 1:4 సిమెంటు మోర్టారులో వాటర్‌ప్రూఫ్ కాంపౌండ్ కలిపి 20 మి.మీ. ప్లాస్టరింగ్ చేసి, దాని మీద పాలిమర్ సిమెంటు పూత రెండు కోట్లు, రెండో కోటు మొదటిదానికి అడ్డంగా. లోపలి ఉప్పును బ్రష్‌తో దులపండి, కడగకండి. నీళ్లు పోస్తే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. బయట నీరు ఆగిన తర్వాత కూడా రాతి గోడ ఆరడానికి నెలలు పడుతుంది. ఈలోగా పుట్టీ, రంగు వద్దు.

ప్రశ్న: క్రిస్టలైన్ పూత, పాలిమర్ సిమెంటు పూత, తారు షీటు. మూడింటిలో ఏది మంచిది?

జవాబు: క్రిస్టలైన్ పూత కాంక్రీటు రంధ్రాల్లోకి వెళ్లి స్ఫటికాలుగా మారుతుంది. తడి గోడ మీదే వేయాలి, వేశాక తడిపి ఉంచాలి, రెండు కోట్లకు చదరపు మీటరుకు ఒకటిన్నర కిలో వరకు పడుతుంది. కొత్త కాంక్రీటులో వెంట్రుక పగుళ్లకు చాలు. కదిలే పగులుకు, ఇటుక గోడకు పనికిరాదు. పాలిమర్ పూత రాతికి, ఇటుకకు, వంకర టింకర మూలలకు బాగుంటుంది. ఊట ఒత్తిడి ఉంటే రెండు కోట్లలో చదరపు మీటరుకు 2 కిలోలకు తగ్గనివ్వకండి. డబ్బాలో నీళ్లు పోసి పలచన చేశారంటే ఆ పూత పోయినట్టే. ఒత్తిడి ఎక్కువున్న చోట, గోడ పగిలే అవకాశమున్న చోట మా ఓటు తారు షీటుకే, మనిషి దగ్గరుండి చూస్తానంటే. చూసేవాళ్లు లేకపోతే క్రిస్టలైన్‌లో పొరపాటుకు ఆస్కారం తక్కువ.

ప్రశ్న: గుంటూరు దగ్గర నల్లరేగడి నేల. ఊట 4 అడుగులకే. సెల్లార్ గోడలకు బయట షీటు వేసి చుట్టూ డ్రెయిన్ పైపు పెడితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఊట ఏడాది పొడవునా ఉండే చోట డ్రెయిన్ పైపు పెడితే పంపు రేయింబవళ్లు తిరుగుతూనే ఉంటుంది. కరెంటు పోయిన రాత్రి సెల్లార్ సంగతి చెప్పక్కర్లేదు. మీకు కావలసింది అడుగు, గోడలు కలిపి ఎక్కడా తెగని పెట్టె: పీసీసీ (కమ్మీల్లేని కాంక్రీటు పరుపు) మీద షీటు, దాని మీద 50 మి.మీ. రక్షణ కాంక్రీటు, ఆ పైన రాఫ్ట్, అంచుల్లో షీటును పైకి తిప్పి గోడ షీటుతో అతకడం. షాబాదు బండలతో బాక్స్ టైప్ (అడుగుకూ గోడలకూ బండలు పరిచి గ్రౌట్ నింపడం) చేస్తామనే మేస్త్రీలు కూడా ఉన్నారు. పాత పద్ధతే, చెడ్డది కాదు. బండల మధ్య, బండకూ గోడకూ మధ్య గ్రౌట్ పూర్తిగా నిండిందా అన్నదాని మీదే దాని బతుకంతా.

ఇంకో ప్రమాదం తేలడం. రాఫ్ట్ అడుగు మట్టానికి 2 మీటర్ల పైన నీరుంటే ప్రతి చదరపు మీటరునూ 2 టన్నులు పైకి నెడతాయి. 18 అంగుళాల రాఫ్ట్ బరువు 1.1 టన్నులే. పై అంతస్తుల బరువు పడకముందే నీరు తోడటం ఆపితే రాఫ్ట్ లేస్తుంది, పగులుతుంది. ఎన్ని స్లాబుల తర్వాత పంపు ఆపాలో స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్కగట్టి కాగితం మీద ఇవ్వాలి.

నల్లరేగడితో మాత్రం పూడ్చకండి. వానకు ఉబ్బి గోడను తోస్తుంది, ఎండకు కుంచించుకొని గోడ పక్కన చీలిక ఇస్తుంది, తొలకరి నీరంతా ఆ చీలికలోంచే అడుగుకు. గోడకూ మన్నుకూ మధ్య కనీసం 2 అడుగుల వెడల్పు ఇసుకో మొరమో ఉండాలి.

ప్రశ్న: న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. పోత కాంక్రీటు బేస్‌మెంట్. పెద్ద వానలకు ఒక గోడ తడుస్తోంది. ఒకరు లోపల ఫ్రెంచ్ డ్రెయిన్ అంటున్నారు, ఇంకొకరు బయట తవ్వాలంటున్నారు. ఖర్చులో చాలా తేడా. ఏది చేయించాలి?

జవాబు: రెండూ వెంటనే వద్దు. ముందు గట్టర్ గొట్టాలు ఎక్కడ వదులుతున్నాయో చూడండి. 1,000 చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన కురిస్తే 623 గ్యాలన్లు. అది గోడ మొదట్లోనే పడుతుంటే ఏ పొరైనా అలసిపోతుంది. గొట్టాన్ని 6–10 అడుగుల దూరానికి పొడిగించి, మొదటి 10 అడుగుల్లో నేల 6 అంగుళాలు దిగేలా మట్టి సరిచేసి, రెండు పెద్ద వానలు చూడండి. చాలా ఇళ్లలో అక్కడితో ఆగుతుంది.

ఆగకపోతే, నీరు ఒక్క నిలువు పగులు నుంచే వస్తుంటే లోపలి నుంచి పాలీయూరిథేన్ ఇంజెక్షన్ చాలు. గోడంతా తడుస్తుంటేనే బయటి తవ్వకం. లోపలి ఫ్రెంచ్ డ్రెయిన్ గోడను తడవకుండా ఆపదు, లోపలికి వచ్చిన నీటిని పట్టి సంపుకు పంపుతుంది, అంతే. గచ్చు మీద కాళ్లు తడవకుండా ఉంటే చాలనుకుంటే అది న్యాయమైన బేరమే. ఆ గోడకు చెక్క ఫ్రేమూ డ్రైవాలూ (జిప్సం పలకలు) వేయాలనుకుంటే కాదు.

బయట తవ్వేవాళ్లు గోడకు నల్లగా స్ప్రే చేసి వెళ్లిపోతే అది డ్యాంప్‌ప్రూఫింగ్ మాత్రమే. మట్టి తేమను ఆపుతుంది, నిలిచిన నీటి ఒత్తిడిని కాదు. ఒప్పందంలో మెంబ్రేన్ మందం, ఫుటింగ్ (గోడ పునాది) పక్కన పైపు, బట్ట, నీరు ఎక్కడికి వదులుతారు, పైకి తెచ్చే కడిగే పైపులు అన్నీ రాయించుకోండి. తవ్వకానికి ముందు 811కు ఫోన్ చేయడం తప్పనిసరి, గ్యాస్, కరెంటు లైన్లు గుర్తు పెట్టి వెళ్తారు. సంప్ నీటిని మురుగు లైనులోకి వదలకూడదు.

ప్రశ్న: గోడలకు అన్నీ చేయించాం. అయినా మొన్నటి వానకు సెల్లార్‌లో మోకాలి లోతు నీళ్లు. పూత చెడిపోయిందా?

జవాబు: మోకాలి లోతు నీరు ఒక్క పూటలో వచ్చిందంటే అది గోడల్లోంచి కాదు, ర్యాంపు మీదుగా వచ్చింది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో విజయవాడలో సెల్లార్లు నిండింది వీధి నీటితోనే. ర్యాంపు మొదట్లో వీధి మట్టం కంటే కనీసం 150 మి.మీ. ఎత్తు గట్టు, ర్యాంపు దిగువన వెడల్పంతా జాలీ కాలువ, అక్కడి నుంచి సంపు, పంపు. కరెంటు మీటర్లు, పంపు స్టార్టరు సెల్లార్‌లో ఉంటే వాటిని పైకి మార్పించే పని ముందు చేయించండి. నీళ్లు నిలిచాక మెయిన్ ఆపకుండా ఎవరూ కిందికి దిగకూడదు.